బావగారి సిరా

మా బావగారికున్న వింత గుణం ఒక్కటే. ఇబ్బందిపెట్టే ప్రశ్న ఎదురైతే ఆయన సిరా వదిలేవారు.

కలంలో పోసుకునే సిరా కాదు, ఆక్టోపస్ వదిలే సిరా. అంటే ఎవరైనా ఆయన్ని సూటిగా ఒక మాట అడిగారనుకోండి, జవాబు చెప్పేవారు కాదు. చుట్టూ ఒకసారి చూసి, ఆ గదిలో ఏ పాపమూ ఎరగని వస్తువునొకదాన్ని ఎంచుకుని, దాని మీద రాద్ధాంతం మొదలుపెట్టేవారు. ఈ గ్లాసు ఇక్కడెవరు పెట్టారనేవారు. ఆ కిటికీ రెక్క ఎందుకలా మూలుగుతోందనేవారు. అడిగినవాళ్ళ చేతనే గ్లాసు తీయించి, కిటికీ మూయించి, ఆ గందరగోళంలో అందరూ గ్లాసునీ కిటికీనీ చూస్తుండగా తాను చల్లగా జారుకునేవారు. అడిగిన ప్రశ్న అక్కడే దిక్కులేకుండా మిగిలిపోయేది.

ఈ విద్యను ఆయన మా ఇంటి గడప తొక్కిన మొదటిరోజునే ప్రదర్శించారు. అక్కా ఆయనా అప్పటికే ఒకే అక్వేరియంలో పనిచేస్తున్నారు, ఒకరంటే ఒకరికి ఇష్టం. మా నాన్నగారు ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "మా అమ్మాయిని ఎలా చూసుకుంటావు బాబూ?" అని అడిగారు. ఆడపిల్ల తండ్రి అడగదగ్గ ప్రశ్నే. బావగారు గోడ గడియారం వంక చూసి, అది వెనకబడి నడుస్తోందన్నారు. తన పెళ్ళినాటి నుంచీ అది ఒక్క క్షణం వెనకబడలేదని నాన్నగారు రోషపడ్డారు. బావగారు కుర్చీ ఎక్కి గడియారం దించి మూత విప్పేశారు. అమ్మ స్క్రూడ్రైవరు వెతికి తెచ్చింది, నాన్నగారు టార్చిలైటు పట్టుకున్నారు, నేను కిందపడిన స్ప్రింగు కోసం బల్ల కింద దూరాను. మేమందరం తేరుకుని చూసేసరికి పెరటి తలుపు తీసి ఉంది, పెళ్ళికొడుకు లేడు. పోతూపోతూ ఒక కాలికి తన చెప్పూ రెండో కాలికి నాన్నగారి చెప్పూ తొడుక్కుపోయాడు.

నాన్నగారు గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నారు. "అబ్బాయి సంగతి తేలలేదు గానీ గడియారం మాత్రం బాగయింది" అన్నారు. పెళ్ళికి ఒప్పుకోవడానికి ఆయనకు అంతకంటే మంచి కారణం దొరకలేదు.

తరువాత కొన్నేళ్ళకు నాకూ ఆ అక్వేరియంలోనే పంపుల మెకానిక్కుగా ఉద్యోగం వచ్చింది. అది అక్క చెప్పిన మాట వల్ల. బావగారిని కూడా నా గురించి ఒక మాట చెప్పమని అడిగితే, ఆయన డైరెక్టరుగారి గది తలుపుకున్న గొళ్ళెం ఊడిందని గోల చేసి వెళ్ళిపోయారట.

అక్వేరియంలో మా ముగ్గురి పనీ ఒక్క తొట్టి చుట్టూనే తిరిగేది. గుండ్రటి హాలు మధ్యలో మనిషి ఎత్తున్న అద్దాల తొట్టి, అందులో ఆక్టోపస్. దానికి తిండి పెట్టి మంచీచెడ్డా చూసేది బావగారు. వచ్చినవాళ్ళకు దాని సంగతులు చెప్పేది అక్క. నీళ్ళు మార్చేది నేను. బావగారు దాన్ని చెల్లెమ్మా అని పిలిచేవారు. ఆక్టోపస్‌లకు ఆయుష్షు తక్కువ, ఒకటి పోతే ఇంకొకటి వచ్చేది. వచ్చిన ప్రతిదీ చెల్లెమ్మే. బావగారి చెల్లెలంటే నాకు మరదలు వరస కదా, అందుకని నన్ను ఏడిపించడానికి ఆయనకు సందు దొరికేది. నాకింకా పెళ్ళికాని రోజుల్లో, ఎనిమిది చేతుల పిల్ల, ఏ పనైనా చిటికెలో చేస్తుంది, చేసుకోరా బామ్మర్దీ అనేవారు. పెళ్ళయ్యాక ఆ మాటే మా ఆవిడ ముందు అని నాకు ఇంట్లో తిప్పలు తెచ్చిపెట్టారు. లోకంలో ఇంతమంది మరదళ్ళకు నీళ్ళు మోసినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

అక్క చెబుతుంటే వినాలి. నేను పంపుల గదిలోంచి పని మానుకుని మరీ వచ్చి వినేవాణ్ణి. మైకు పట్టుకుని, నల్లటి గుడ్డ ఒకటి మడిచి చేతిలో దాచుకుని, తొట్టి ముందు నిలబడేది. పెద్ద చేపొకటి దీన్ని తినడానికి వచ్చిందనుకోండి, దీనికి ఎముకల్లేవు, పెంకు లేదు, ముళ్ళు లేవు, పాపం ఏం చేస్తుందని అడిగేది. అందరూ ఆలోచిస్తుండగా ఒక్కసారి ఆ నల్లగుడ్డను గాలిలోకి విసిరి, "సిరా!" అనేది. జనం గుడ్డను చూస్తుంటే తాను రెండడుగులు పక్కకు జరిగి, "నేనెక్కడున్నాను?" అని అడిగేది. అందరూ ఉలిక్కిపడి నవ్వేవాళ్ళు.

ఆ తరువాత అసలు సంగతి చెప్పేది. పొట్టలో ఒక సంచిలో సిరా ఉంటుంది, గొట్టంలాంటి దాంట్లోంచి నీళ్ళతో కలిపి చిమ్ముతుంది. పలచగా వదిలిందంటే తెరలా పరుచుకుని దాన్ని దాచేస్తుంది. చిక్కగా వదిలిందంటే ఆ సిరా జిగురుతో కలిసి, కరగకుండా, ఇంచుమించు ఆక్టోపస్ అంత ముద్దగా నీళ్ళలో నిలబడుతుంది. వచ్చిన శత్రువు అదే ఆక్టోపస్ అనుకుని ఆ ముద్దను కరుస్తుంది. ఆ సిరాకు దాని కళ్ళు మండుతాయి, వాసన తెలియకుండా పోతుంది. అసలుది ఈలోగా రంగు మార్చుకుని దూరంగా వెళ్ళిపోతుంది. అక్క ఇక్కడ కాస్త ఆగి, "మా ఇంట్లోనూ ఒకాయన ఉన్నారు" అని బావగారి వైపు చూసేది. ఆయన వెంటనే ఏ బల్బు మీదో విరుచుకుపడి వెళ్ళిపోయేవారు. జనం మళ్ళీ నవ్వేవాళ్ళు.

ఒక చిక్కు ఉంది. సముద్రంలో అయితే సిరాను కెరటాలు తీసుకుపోతాయి. తొట్టిలో ఎక్కడికి పోతుంది? వదిలిన దాని మొప్పలకే అడ్డంపడి ఊపిరాడనివ్వదు. అందుకని చెల్లెమ్మ ఎప్పుడైనా బెదిరి సిరా వదిలితే బావగారు "వదిలింది!" అని ఒక కేక పెట్టేవారు. అక్క జనాన్ని తాబేళ్ళ వైపు నడిపించేది. నేను పరుగెత్తి పాతనీళ్ళు వదిలేసి కొత్తనీళ్ళు పెట్టేవాణ్ణి. నీళ్ళు తేటపడేదాకా బావగారు తొట్టిలో చెయ్యిపెట్టి, దాని చేతిని తన మణికట్టుకు చుట్టనిచ్చి, ఏదో గొణుగుతూ నిలబడేవారు. ఏం చెప్పేవారో ఎప్పుడూ వినబడలేదు.

ఇక డైరెక్టరుగారి నూనె సంగతి చెప్పాలి. ఒకసారి బావగారు మూత సరిగా బిగించలేదు. ఆక్టోపస్‌కు సందిస్తే చాలు. చెల్లెమ్మ తొట్టిలోంచి దిగి నడవంతా పాకి, డైరెక్టరుగారి గదిలో గొడుగులు పెట్టుకునే బకెట్టులో చేరింది. ఆయన గొడుగు తీయబోతే గొడుగు ఆయన చెయ్యి పట్టుకుంది. మూత ఎవరు తీశారని ఆయన వణుకుతూ అడిగారు. బావగారు గాలి పీల్చి, మీరు తలకు రాసుకునే నూనె వాసనకు అది తట్టుకోలేక బయటికి వచ్చిందన్నారు. నీళ్ళలో ఉన్నదానికి తన నూనె వాసన ఎలా తగిలిందో పాపం ఆ పెద్దమనిషికి అడగాలని తట్టలేదు. తరువాత చాలాకాలం ఎండుగడ్డిలాంటి జుట్టుతోనే తిరిగారు.

ఇంతవరకూ అందరం నవ్వుకున్నాం. బావగారి సిరాకు అప్పట్లో ఒక పద్ధతుండేది. ఎవరైనా తనను ఏదైనా అడిగితేనే వదిలేవారు. పోనుపోను ఆ పద్ధతి తప్పింది. ఎవరూ ఏమీ అడక్కుండానే, ఆయనకు సంబంధమే లేని చోట, సిరా వదలడం మొదలైంది. అందులోనూ అక్క మాట్లాడేటప్పుడే ఎక్కువ.

ఒకరోజు ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. మా అత్తవారి తరఫు వాళ్ళు కూడా ఉన్నారు. అక్క నా చిన్నప్పటి కథ మొదలుపెట్టింది, నేను బియ్యం డ్రమ్ములో దాక్కుని నిద్రపోతే ఇల్లంతా నాకోసం వెతికిన కథ. అది వందసార్లు చెప్పిన కథే, అయినా అక్క చెబితే కొత్తగా ఉంటుంది. అందరూ వింటున్నారు. "తీరా చూస్తే వీడు ఆ... ఆ..." అని అక్క ఒక్క క్షణం ఆగింది. అంతే, బావగారు కప్పు ఎత్తి పట్టుకుని, "ఈ కాఫీలో చీమ ఉంది" అన్నారు. మా ఆవిడ మొహం మాడిపోయింది. ఇంకో కప్పు తెచ్చింది. అందులోనూ చీమ ఉందన్నారు. ఇంకోటి తెచ్చింది, అందులో రెండున్నాయన్నారు. అందరూ కప్పులు వెలుతురుకు ఎత్తి చూసుకున్నారు. ఎవరికీ చీమ కనబడలేదు. నా బియ్యం డ్రమ్ము కథ మాత్రం ఆ చీమల్లో కొట్టుకుపోయింది.

వాళ్ళు వెళ్ళాక మా ఆవిడ నన్ను కడిగేసింది. కాఫీని గుడ్డతో వడగట్టి మరీ ఇచ్చిందట. మీ అక్క నోరు తెరిస్తే చాలు ఆయన అడ్డం పడతాడు, కట్టుకున్నదాన్ని నలుగురిలో ఒక్కమాట పూర్తిగా మాట్లాడనివ్వని మనిషేం మనిషి అంది. నాకూ అలాగే అనిపించింది. నాకు అక్క తరువాతే ఎవరైనా.

మర్నాడు పంపుల గది దగ్గర బావగారిని నిలదీశాను.

"బావగారూ, అక్కను ఒక్కమాటైనా పూర్తిచెయ్యనివ్వరా?"

"నీ చొక్కా బొత్తాం ఒక గది తప్పిందిరా."

కిందికి చూసుకున్నాను. బొత్తాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. తలెత్తేసరికి ఆయన లేరు. ఈ బొత్తాం ఎత్తు ఆయన నామీద ఎన్నిసార్లు వేసుంటారో లెక్కలేదు, ప్రతిసారీ నేను కిందికి చూసేవాణ్ణి. చొక్కా మీద అనుమానం మనిషికి పుట్టుకతో వస్తుందనుకుంటాను.

అదే రోజుల్లో బావగారు తనకు మతిమరుపు వచ్చిందని ఊరంతా చాటుకున్నారు. ఇంట్లో డబ్బాలన్నిటికీ పేర్లు రాసి అంటించారు, తనకు గుర్తుండటం లేదని. ఫోను పక్కన అందరి ఫొటోలూ, కింద పేర్లూ పెట్టుకున్నారు, తనకు గుర్తుండటం లేదని. డాక్టరు దగ్గరికి అక్కను వెంటబెట్టుకుని వెళ్ళారు. డాక్టరు ఆయనతో పాటు అక్కను కూడా కూర్చోబెట్టి ప్రశ్నలడిగారట. ఇలాంటి జబ్బుకు భార్యాభర్తలిద్దరినీ పరీక్షించాలని బావగారు అక్కకు చెప్పారట. మా ఆవిడ విని, అయితే ఆ చీమలు కూడా జబ్బేనన్నమాట అని కాస్త శాంతించింది. ఆఫీసులో అందరూ ఆయన్ని చూసి జాలిపడటం మొదలుపెట్టారు. కొందరు వేళ్ళు చూపించి ఇవెన్ని అని అడిగేవాళ్ళు. మతిమరుపుకూ వేళ్ళకూ ఏం సంబంధమో నాకు తెలియదు.

ఇలా ఉండగా అక్వేరియానికి డబ్బిచ్చే పెద్దలు కొందరు చూడటానికి వచ్చారు. డైరెక్టరుగారు నూనె రాసుకుని, పాపిడి తీసుకుని, వాళ్ళ పక్కనే నిలబడ్డారు. అక్క రిటైరవడానికి ఇంక కొన్ని నెలలే ఉన్నాయి. నల్లగుడ్డ చేతిలో పట్టుకుని ఎప్పటిలాగే మొదలుపెట్టింది. బావగారు పీతల బకెట్టు పట్టుకుని కాస్త వెనకగా నిలబడ్డారు, చెల్లెమ్మకు తిండివేళ. ఎముకల్లేవు, పెంకు లేదు, ముళ్ళు లేవు, పాపం ఏం చేస్తుందని అక్క అడిగింది. అందరూ ఆలోచించారు. అక్క గుడ్డను గాలిలోకి విసిరింది.

మాట రాలేదు.

గుడ్డ నేలమీద పడింది. అక్క దాన్ని చూసింది, జనాన్ని చూసింది. పెదవులు కదిలాయి. జీవితమంతా రోజూ పలికిన ఆ రెండక్షరాల మాట ఆమెకు దొరకడం లేదు. వచ్చినవాళ్ళలో ఒకావిడ తల కాస్త పక్కకు వంచి అక్క మొహంలోకి చూసింది. డైరెక్టరుగారు నోరు తెరిచారు.

అప్పుడు బకెట్టు పడింది. బతికున్న పీతలు హాలంతా పరుగుతీశాయి. పెద్దలు ఒకరినొకరు పట్టుకుని ఎగిరారు. డైరెక్టరుగారు బెంచీ ఎక్కి, ఇంకొకరికి చోటివ్వనన్నారు. ఆ గోలకు చెల్లెమ్మ బెదిరి తొట్టినిండా నిజమైన సిరా వదిలింది. అద్దం వెనక నల్లగా, చిక్కగా, ఆక్టోపస్ అంత ముద్ద ఒకటి నిలబడింది. అక్క అటు తిరిగి చూసింది.

"ఇదిగో, సిరా!" అంది.

బెంచీల మీదున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇదంతా ముందే అనుకుని చేసిన ప్రదర్శన అనుకున్నారు. నేను నీళ్ళు మార్చడానికి పరుగెత్తాను.

వాళ్ళు వెళ్ళాక డైరెక్టరుగారు మమ్మల్ని పిలిచి, బకెట్టు ఎందుకు పడేశారని బావగారిని అడిగారు. నేను ఎదురుచూశాను. ఆ గదిలో సిరాకు పనికొచ్చే సామగ్రి చాలా ఉంది. ఫ్యాను ఊగుతోంది, క్యాలెండరు వంకరగా ఉంది, డైరెక్టరుగారి నెత్తిన నూనె మెరుస్తోంది. బావగారు దేన్నీ చూడలేదు. తలవంచుకుని, "బకెట్టు చేతిలో ఉందన్న సంగతే మరిచిపోయానండీ. నాకు మతి నిలవటం లేదు" అన్నారు.

మతి నిలవనివాడి చేతిలో బతికున్న జీవాన్ని పెట్టలేనన్నారు డైరెక్టరుగారు. అందులో ఆయన తప్పేమీ లేదు. మర్నాటి నుంచి తొట్టి ఇంకొకరికి, బావగారు నాతో పంపుల గదిలోకి. పెళ్ళికి ముందునుంచీ చూసుకుంటున్న తొట్టి అది. సరేనండీ అని నమస్కారం పెట్టి వచ్చేశారు.

నేను మాత్రం నమ్మలేదు. ఆ పొద్దున్నే ఆయన, ఎప్పుడో నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మూడో పంపుకు ఎడమవైపు వేసిన వాల్వు తుప్పుపట్టి ఉంటుంది చూడమన్నారు. చూస్తే తుప్పుపట్టే ఉంది. ఆయన మతికి ఏ లోటూ లేదు.

పంపుల గదిలో ఆయన స్టూలు మీద కూర్చున్నారు. చొక్కా చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. ఎందుకు అబద్ధం ఆడారని అడిగాను. ఆయన నా చొక్కా వైపు చూశారు.

"నీ బొత్తాం..."

"బొత్తాం సంగతి తరవాత. అక్కకేమయింది?"

ఆయన ఆ గదంతా వెతికారు. పంపులు, గొట్టాలు, నేను. రాద్ధాంతం చెయ్యడానికి ఏమీ దొరకలేదు. మొట్టమొదటిసారి ఆయన దగ్గర సిరా అయిపోవడం చూశాను, చూడకుండా ఉంటే బాగుండేదనిపించింది.

"మాటలు పోతున్నాయిరా దానికి" అన్నారు. "ముందు చేపల పేర్లు పోయాయి. తరవాత మనుషుల పేర్లు. డాక్టరు ఇంక తిరిగిరావన్నాడు."

నేను చేతిలో ఉన్న స్పానరు కింద పెట్టాను.

"నోటిమాట మీద బతికిన మనిషి. నలుగురూ ఆగి, జాలిగా మొహంలోకి చూస్తే తట్టుకోలేదు. రిటైరయ్యేదాకా మీ అక్క మీ అక్కలాగే ఉండాలి. తరవాత ఇంట్లో నేనుంటాగా."

"అక్కకు తెలుసా?"

"తెలీదు. జబ్బు నాకే అనుకుంటోంది. పాపం, డాక్టరు చెప్పినవన్నీ నాకు తోడుగా కూర్చుని చేస్తుంది. చెప్పకు."

నాకు బియ్యం డ్రమ్ము గుర్తొచ్చింది. ఆ రోజు అక్కకు దొరకని మాట డ్రమ్ము. దానికోసం ఆయన కాఫీలో లేని చీమల్ని ఈదించారు, మా ఆవిడతో ఆ మాటలన్నీ పడ్డారు. కొరికినవాళ్ళందరూ ఆ నల్లటి ముద్దనే కొరికారు. ఎప్పుడో మా నాన్నగారు అడిగిన ప్రశ్నకు ఇన్నేళ్ళకు జవాబొచ్చింది, వినడానికి ఆయన లేరు. నేను పంపు ఆపి, ఆ చప్పుడు లేకపోతే ఏడుపు వినబడుతుందని మళ్ళీ వేశాను.

కాసేపయ్యాక, చెల్లెమ్మను వదిలి ఉండగలరా అని అడిగాను. తొట్టికి నీళ్ళు తీసుకెళ్ళే గొట్టం మీద ఆయన చెయ్యి ఆనించి, నీళ్ళు పంపేది మనమే కదరా అన్నారు.

పంపుల గదిలో ఉంటే ఇక హాల్లో సిరా ఎవరు వదులుతారు? బావగారు దానికీ ఒక మార్గం కనిపెట్టారు. అక్క మైకు చప్పుడు గోడలోంచి వినబడేది. అది ఎక్కడైనా తడబడితే, స్పానరు తీసుకుని పెద్దగొట్టం మీద ధనధనా మోదేవారు. హాల్లో జనం పైకప్పు కూలుతోందేమోనని తలలెత్తేవాళ్ళు. వాళ్ళు తలలు దించేలోగా అక్క ఇంకో వాక్యం మొదలుపెట్టేసేది. పంపులు సరిగా చూడటం లేదని నామీద ఫిర్యాదులు వెళ్ళాయి. డైరెక్టరుగారు రెండుసార్లు పిలిచి చీవాట్లు పెట్టారు. మూడోసారికి నేనే, బావగారు కాఫీకి వెళ్ళినప్పుడు, స్పానరు అందుకున్నాను.

అక్క పరువుగా రిటైరయింది. పూలదండ వేశారు, ఫొటో తీశారు. ఆ రోజు ఉపన్యాసంలో మూడుచోట్ల పైకప్పు మోగింది.

బావగారు కూడా ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నారు. అక్కకు మాటలతో పాటు రోజులు కూడా జారిపోవడం మొదలైంది. ఆయనకు అక్క వెనకే తిరగడం సరిపోయింది. అక్కను చూసుకోవడంలో పడి తన గుండె సంగతి చూసుకోలేదు. ఒక మధ్యాహ్నం ఆసుపత్రిలో చేర్చాల్సివచ్చింది.

డాక్టరు వచ్చి చూసి, నన్ను బయటికి పిలిచి, మీవాళ్ళందరినీ దగ్గరే ఉండమనండి అన్నారు. అందరం మంచం చుట్టూ చేరాం. అక్క ఆయన చెయ్యి పట్టుకుంది. మా ఆవిడ ధైర్యం చేసి, ఎలా ఉంది అన్నయ్యగారూ అని అడిగింది. నేను అడగవద్దని సైగ చేసేలోగానే అడిగేసింది. బావగారు మెల్లగా చుట్టూ చూసి, "నా కళ్ళజోడు ఎవరు తీశారు?" అన్నారు.

గొంతు పెద్దగా లేదు గానీ పద్ధతి అదే. నేను మంచం కింద దూరాను. మా ఆవిడ నర్సును అడగడానికి వెళ్ళింది. నన్ను కారులో చూసిరమ్మన్నారు, వెళ్ళాను. అక్కను కిటికీ దగ్గర చూడమన్నారు. మేం తిరిగి వచ్చేసరికి బావగారు వెళ్ళిపోయారు. కళ్ళజోడు ఆయన దిండు కిందే ఉంది. మనిషి పోయాడని ఏడవాలో, చివరికి మమ్మల్ని కూడా మోసం చేశాడని తిట్టాలో తెలియక, ఆ కళ్ళజోడు పట్టుకుని నడవలో నిలబడ్డాను.

అక్కను మా ఇంటికి తీసుకొచ్చాం. కొన్నాళ్ళకు అక్వేరియంలో బావగారి కోసం సభ పెట్టారు, ఆ గుండ్రటి హాల్లోనే, తొట్టి ముందు కుర్చీలు వేసి. మా ఆవిడ అందరికీ కాఫీ చేసి ఫ్లాస్కుల్లో తెచ్చింది. డైరెక్టరుగారు మంచిమాటలు చెప్పారు. బావగారి మతిమరుపు గురించి జాలిగా చెప్పారు. తరువాత అక్కను రెండు మాటలు మాట్లాడమన్నారు. నేను వద్దనబోయాను. అక్క అప్పటికే లేచింది.

మైకు చేతికి రాగానే ఆమె నిటారుగా నిలబడింది, వెనకటి అక్కే. అందరికీ నమస్కారం పెట్టింది. తొట్టి వైపు చెయ్యి చూపి, ఇదే మా చెల్లెమ్మ అంది. అందరూ నవ్వారు. "దీనికి ఇప్పుడు తిండివేళ. మా ఆయన బకెట్టు పట్టుకుని వస్తారు, వస్తూనే ఉంటారు..." అని, వెనకకు తిరిగి, ఆయన ఎప్పుడూ వచ్చే తలుపు వైపు చూసింది.

ఎవరూ రాలేదు. అక్క అలాగే చూస్తోంది. తలలు ఒక్కొక్కటే పక్కకు వంగడం నేను చూశాను. ఆ జాలి అక్క మీదికి వస్తోంది. నా చేతిలో స్పానరు లేదు. కాఫీ కప్పు ఉంది.

"ఈ కాఫీలో చీమ ఉంది!" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. మొదలుపెట్టాక ఆగకూడదు. సంతాపసభకు చీమల కాఫీ ఇస్తారా అన్నాను. ఈ కప్పులు కడిగిందెవరన్నాను. కుర్చీ వెనక్కి తోస్తే అది పడింది, దాని మీద కూడా ఒక మాటన్నాను. తలలన్నీ నావైపు తిరిగాయి. డైరెక్టరుగారి మొహంలో, బావమరిదికి కూడా ఆ జబ్బే వచ్చిందన్న నిజమైన దిగులు కనబడింది. ఆ కాఫీ చేసింది మా ఆవిడ. ఆమె లేచి నిలబడి నావైపు ఒక చూపు చూసింది, ఆ చూపుకు మామూలు రోజుల్లో అయితే నేను బతికి బయటపడను. తరువాత మైకు దగ్గరున్న అక్కను చూసింది. మళ్ళీ నన్ను చూసింది. తన కప్పు వెలుతురుకు ఎత్తి పట్టుకుంది.

"ఇందులోనూ ఉంది" అంది. "అందరూ ఒకసారి చూసుకోండి."

హాలంతా కప్పులు పైకి లేచాయి. మా ఆవిడ మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. అందరూ లేని చీమల్ని వెతుకుతుండగా చూస్తే, మైకు కుర్చీ మీద ఉంది, అక్క లేదు.

తొట్టి వెనక తిండి తయారుచేసే చిన్నగది ఉంది. అక్క అక్కడ బావగారి పాత స్టూలు మీద కూర్చునుంది. చెల్లెమ్మ ఇటువైపు అద్దానికి అతుక్కుని ఆమెను చూస్తోంది. నేను వెళ్ళి పక్కన నేలమీద కూర్చున్నాను.

"ఆయన లేరని నాకు తెలుసురా" అంది అక్క. "ఆ ఒక్క క్షణం తెలీలేదు, అంతే."

"పరవాలేదక్కా."

"నువ్వు వదిలిందీ బాగానే ఉంది. కాస్త పలచగా వచ్చింది. మీ బావది చిక్కగా ఉండేది."

నేను నోరు తెరుచుకుని ఆమె వైపు చూశాను. ఆయన ప్రాణం పెట్టి దాచిన సంగతి. పంపుల గదిలో నాచేత ఒట్టు వేయించుకోవడమొక్కటే తక్కువ.

"నీకు తెలుసా? ఆయన నీకోసమే..."

"ఆయనకు జబ్బట" అని అక్క నవ్వింది. నవ్వుతుంటే కళ్ళు నిండాయి. "అంత కష్టపడి ఆడుతుంటే తెలుసని ఎలా చెప్పనురా? పాపం, చిన్నబుచ్చుకుంటారు కదా."

"ఎప్పట్నించి తెలుసక్కా నీకు?"

అక్క నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది.

"నీ చొక్కా బొత్తాం ఒక గది తప్పిందిరా" అంది.

కిందికి చూసుకున్నాను. బొత్తాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. తలెత్తేసరికి స్టూలు ఖాళీగా ఉంది.